ప్రశ్న ఉత్పన్నం కాదు: ఇళ్ల సంగతి సభలో అడగబోయే కొత్త సభ్యులకు సలహాలు

ఎమ్మెల్యేగారికి నమస్కారాలు.

ఏ ఊరి ఎమ్మెల్యేగారికి అని అడక్కండి. మా పెద్దాపురం సభ్యుల వారికి మాత్రం కాదు. చినరాజప్పగారు 2014, 2019, 2024 మూడు ఎన్నికలూ వరసగా గెలిచారు, మధ్యలో ఉప ముఖ్యమంత్రి, హోం మంత్రి కూడా చేశారు. ఆయనకి నేను చెప్పేదేముంటుందండీ. ఈ నాలుగు ముక్కలూ మొదటిసారి గెలిచి, సన్మానం శాలువాల మడతైనా విప్పకుండానే "ఈసారి సమావేశాల్లో పేదల ఇళ్ల మీద గట్టిగా అడిగేస్తాను" అని అనుచరుల దగ్గర అంటున్నవారి కోసం. అడగండి. వద్దని నేననను. ఎలా అడిగితే ఎవరికీ ఏ ఇబ్బందీ రాదో అది తెలుసుకుని మరీ అడగండి.

నా అర్హత ఏమిటంటారా? ఆర్డీవో ఆఫీసు దగ్గర చెట్టు కింద బల్ల వేసుకుని అర్జీలు రాస్తాను. సోమవారం వస్తే నాకు పండగ. ఆ సోమవారాన్ని గ్రీవెన్స్ అన్నారు, స్పందన అన్నారు, ఇప్పుడు పీజీఆర్‌ఎస్ అంటున్నారు. పేరేదైనా జనం చేతిలో కాగితం ఒకటే. అందులో సగం ఇంటి గొడవే: స్థలం రాలేదు, వచ్చిన స్థలం ఎక్కడుందో చూపించలేదు, పునాది వేశాక బిల్లు పడలేదు, ఇల్లు లేచింది గానీ మీటరివ్వలేదు. అర్జీకీ సభలో ప్రశ్నకీ పెద్ద తేడా ఏమీ లేదండి. రెండూ తిరిగి తిరిగి చివరికి ఒకే సెక్షన్లో ఒకే గుమాస్తా బల్ల మీదికి చేరతాయి. ఆయన రాసిన జవాబే నాకు పోస్టులో వస్తుంది, మీకు మంత్రిగారి నోట వినిపిస్తుంది.

ఇక సలహాలు.

అన్నిటికంటే ముందు, ఎప్పుడూ "ఎన్ని" అనే అడగండి. "రాష్ట్రంలో పేదలకు మంజూరైన ఇళ్లెన్ని, పూర్తయినవెన్ని, జిల్లాల వారీగా వివరాలేమిటి" అని నక్షత్రపు గుర్తు ప్రశ్న ఒకటి పడేయండి. "వివరాల పట్టిక సభా సమక్షంలో ఉంచడమైనది" అంటారు మంత్రిగారు. పట్టిక వస్తుంది. దాన్ని మీరు సెల్‌ఫోన్లో ఫొటో తీసి నియోజకవర్గం గ్రూపులో పెడతారు. అడిగినవారికి అడిగిన పేరు, చెప్పినవారికి చెప్పిన పేరు. అంకెకి ఉన్న గొప్ప గుణం అదండీ, దానికి వరండా ఉండదు, చూరు కారదు, మరుగుదొడ్డి తలుపు ఊడిపోదు.

మన జిల్లా గడ్డ మీదే ఎన్ని పెద్ద అంకెలు పుట్టాయో చూడండి. 2020 డిసెంబరు 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డిగారు 'నవరత్నాలు - పేదలందరికీ ఇళ్లు' మొదలెట్టారు. ముప్పై లక్షల పైచిలుకు పట్టాలు, రెండు విడతల్లో 28.30 లక్షల ఇళ్లు, తొలి విడతలోనే 15.60 లక్షలు. వాటికి జగనన్న కాలనీలని పేరు పెట్టి, ఊళ్లకి ఊళ్లే కడుతున్నామన్నారు. 2023 అక్టోబరు 12న పక్కనే సామర్లకోటలో, అంటే మా పెద్దాపురం నియోజకవర్గంలోనే, సామూహిక గృహప్రవేశాలు చేయించి 7.43 లక్షల ఇళ్లు పూర్తయ్యాయన్నారు. అందులో సుమారు 5.85 లక్షలు కాలనీల్లోవి, మిగతా 1.57 లక్షలు పట్టణాల్లో టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ కట్టిన అపార్టుమెంట్లవి. ఆ టిడ్కో ఇళ్లకి పునాదులు పడింది అంతకు ముందున్న తెలుగుదేశం ప్రభుత్వంలో. ప్రభుత్వం మారింది. 2025 నవంబరులో ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడుగారు రాయచోటి దగ్గర మరో మూడు లక్షల గృహప్రవేశాలు చేయించారు. అందులో చాలా ఇళ్లకి పునాది గుంట తవ్వింది గత ప్రభుత్వంలో. ఒకరు వేసిన పునాది మీద ఇంకొకరు శ్లాబు, ఆ శ్లాబు కింద మూడోవారి గృహప్రవేశం. ఎవరి లెక్కలో ఎవరి ఇల్లుందో విడదీయమని అడిగే ఆలోచన పొరపాటున కూడా చెయ్యకండి. రెండు పక్షాల బెంచీలూ ఒక్కసారే లేస్తాయి. అసెంబ్లీలో అంతటి ఐకమత్యం వేరే సందర్భంలో చూడలేరు.

ఇంకో మాట. హౌసింగ్ వారి రిజిస్టర్లో ఇంటికి చాలా దశలున్నాయి. పట్టా చేతికిస్తే ఒక లెక్క. మంజూరైతే ఇంకో లెక్క. ముగ్గు పోసి కొబ్బరికాయ కొడితే 'గ్రౌండయింది'. పునాది నేల్లోనే ఉంటే బీబీఎల్, నేల పైకి వస్తే బీఎల్, గోడలు పైకప్పు దాకా లేస్తే ఆర్‌ఎల్, శ్లాబు పడితే ఆర్‌సీ, ఆ తర్వాత 'పూర్తి'. మీరు చెయ్యవలసిందల్లా ఒక మెట్టు పైకి వినడం. మంత్రిగారు 'మంజూరు' అంటే 'పూర్తి' అని వినండి. 'పూర్తి' అంటే 'కాపురం' అని వినండి. 'నిన్న రాత్రి ఆ ఇంట్లో ఎవరైనా పడుకున్నారా' అనే గడి ఏ పట్టికలోనూ లేదు. లేని గడి గురించి అడిగితే సభా సమయం వృథా అవుతుంది.

స్థలం సంగతికొస్తే, ఎంత స్థలం అన్నదాని మీద ఎంతసేపైనా మాట్లాడండి, ఎక్కడి స్థలం అన్నది మాత్రం ముట్టుకోకండి. గత ప్రభుత్వం పల్లెలో సెంటున్నర, పట్టణంలో సెంటు ఇచ్చింది. ఈ ప్రభుత్వం 2025 జనవరిలో పల్లెలో మూడు, పట్టణంలో రెండు అని ఉత్తర్వులిచ్చింది. సెంటంటే 48 గజాల చిల్లర, 435 చదరపు అడుగులు. అందులో 340 అడుగుల ఇల్లు. ఈ కూడికలు తీసివేతలు సభలో బాగా పండుతాయి. మంచం వేస్తే గేదె ఎక్కడుంటుందని ఒకరంటారు, మీ హయాంలో అసలు సెంటైనా ఇచ్చారా అని ఇంకొకరంటారు, మధ్యాహ్నం భోజనాల వేళైపోతుంది.

అదే 'ఎక్కడ' అన్నారనుకోండి, కథ వేరు. మన గోదావరి జిల్లాల్లో కాలవ కింద పొలం ఎకరం ఏ ధర పలుకుతుందో మీకు నేను చెప్పాలా. ప్రభుత్వానికి దొరికే భూమి ఏదై ఉంటుంది? ఊరికి దూరంగా ఉన్నదో, నీళ్లు నిలిచేదో. రాజమండ్రి పేదల కోసమని కోరుకొండ మండలం బూరుగుపూడిలో ఆవ భూములు తీసుకున్నారు, సుమారు 600 ఎకరాలు, ఎకరం 45 లక్షల రూపాయల లెక్కన. ఆవ అంటే వానాకాలం నీళ్లు దిగని పల్లం. ఆ చుట్టుపక్కల పిల్లాడినడిగినా చెబుతాడు. గట్టిగా వర్షం పడితే పేదల ఇళ్ల స్థలాలు మునిగిపోతాయని గొడవ చేశారు ప్రతిపక్షం వారు. వ్యవహారం హైకోర్టుకెక్కింది, పనులు ఆగిపోయాయి. ఇప్పుడు మీరు లేచి "ఆ భూమిని చూసి బాగుందని సంతకం పెట్టిన అధికారి ఎవరు, ఏ తేదీన, ఆ రోజు అక్కడ నీళ్లున్నాయా" అని అడిగితే ఏమవుతుంది? ఒక మనిషి పేరు బయటికి రావాలి. ఒక పేరు బయటికి వస్తే ఆ వెనకాల ఇంకో పేరుంటుంది. అంత దూరం వెళ్లడం కొత్త సభ్యుడికి క్షేమం కాదు. దానికి బదులు "భూసేకరణలో వేల కోట్ల అవినీతి" అనండి. వేల కోట్లు అనగానే అందులోంచి మనుషులు మాయమైపోతారు, హాయిగా ఉంటుంది.

మాది చూడబోతే అటు మెట్ట, ఇటు పల్లం. మా పక్కనుంచి పోయే ఏడీబీ రోడ్డు మీద నిలబడితే రెండూ కనిపిస్తాయి. పల్లపు లేఅవుటుని మెరక చెయ్యాలంటే మెట్ట మీది ఎర్ర గ్రావెల్ తెచ్చి పొయ్యాలి. నల్లరేగడిలో పునాది లోతుగా పోవాలి. ఎన్ని టిప్పర్ల మట్టి, ఎవరి డబ్బు, పట్టాదారు డబ్బా పంచాయతీ డబ్బా? పక్కా ఇల్లని చేతిలో పెట్టిన డబ్బులో సగం నేలలోనే కూరుకుపోతే పైన గోడలెలా లేస్తాయి? ఇలాంటివి హౌసింగ్ ఏఈలూ, మేస్త్రీలూ టీకొట్టు దగ్గర మాట్లాడుకునే విషయాలు. గౌరవ సభ స్థాయికి తగవు. నా దగ్గరకి ఇంటి అర్జీలతో వచ్చేవాళ్లలో పదిమందికి ఏడుగురిది ఈ పునాది గోడేనండి, అయినా సరే.

ఇళ్ల విస్తీర్ణం మీద కావలసిన ప్రశ్న ఒకసారి అడిగారు, సభలో కాదు. 2021 అక్టోబరులో హైకోర్టు సింగిల్ జడ్జి సెంటు స్థలంలో మనిషి ఎలా బతుకుతాడని అడిగి, కమిటీ వేసి అధ్యయనం చేయించమని, అందాకా కట్టడం ఆపమని తీర్పిచ్చారు. డివిజన్ బెంచి తర్వాత దాన్ని పక్కనపెట్టేసింది, కట్టడాలు మళ్లీ సాగాయి. గాలి, వెలుతురు, ఆరోగ్యం, అగ్నిప్రమాదం, ఇవన్నీ ఆ తీర్పు పుణ్యమా అని నాలుగు రోజులు పత్రికల్లో నలిగాయి. మీరు దీన్నుంచి నేర్చుకోవలసింది, కష్టమైన ప్రశ్న వస్తే "ఈ అంశం న్యాయస్థానం పరిధిలో ఉంది" అనొచ్చని. న్యాయస్థానం పరిధిలోంచి బయటికి వచ్చాక కూడా కొన్నాళ్లు అలాగే అనొచ్చు.

డబ్బు దగ్గరికి వద్దాం. ఇది నాకు బాగా ఇష్టమైన అధ్యాయం.

గత పథకంలో ఇంటికి 1.80 లక్షలు. అందులో లక్షన్నర ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ విభాగం నుంచి, 30 వేలు ఉపాధి హామీ నుంచి. ఇరవై టన్నుల ఇసుక ఉచితం, సిమెంటు, ఇనుము తక్కువ ధరకి, డ్వాక్రా ఆడవాళ్లకి పావలా వడ్డీ మీద 35 వేల అప్పు. పల్లెటూరి ఇంటికి పట్టణ పథకం డబ్బేమిటంటారా? ఆ పల్లెలున్న మండలాలని పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి తెచ్చేశారండి. చేలో నాగలి పట్టుకున్నవాడు నాగలి దించకుండానే పట్టణవాసి అయ్యాడు. ఆ పథకం కింద దేశంలో అందరికంటే ఎక్కువ ఇళ్లు, ఇరవై లక్షల పైమాటే, మన రాష్ట్రానికి మంజూరవడం వెనక ఈ తెలివి ఉంది. నిజంగా మెచ్చుకోదగ్గ తెలివే, వెటకారం కాదు. పల్లె ఇంటికి పల్లె పథకం డబ్బు తెచ్చుంటే అన్ని ఇళ్లు వచ్చేవి కావు.

ఆ 1.80 లక్షలకి ఇల్లు లేవలేదని అందరికీ తెలుసు. లేవలేదు కాబట్టే 2025 మార్చిలో ఈ ప్రభుత్వం ఆగిపోయిన ఇళ్లకి ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ తెగల గిరిజనులకు లక్ష అదనంగా ఇస్తానంది. 2024 సెప్టెంబరులో మొదలైన ఆవాస్ యోజన రెండో దశలో రాష్ట్రం వాటా లక్ష కలిపి రెండున్నర లక్షలన్నారు. మంచిదే. "ఈ రెండున్నర లక్షలనే అంకె ఏ ఊళ్లో, ఏ రకం నేల మీద, ఏ రేటుకి ఇటుక కొని లెక్కగట్టారు?" అని మాత్రం అడక్కండి. 1.80 లక్షలు ఎలా లెక్కగట్టారో ఎవరూ అడగలేదు కదా. సంప్రదాయం పాడుచెయ్యకూడదు.

ఒకవేళ నోరు జారి అడిగేశారే అనుకోండి, మిమ్మల్ని బయటపడేసే దారి రాజ్యాంగంలోనే ఉంది. ఢిల్లీలో మన ఎంపీగారు ఇళ్ల గురించి అడిగితే కేంద్రం జవాబు ఏ వాక్యంతో మొదలవుతుందో చూశారా? భూమి, కాలనీల ఏర్పాటు రాష్ట్ర జాబితాలోని అంశాలు, రాష్ట్రాల ప్రయత్నానికి కేంద్రం తోడ్పడుతోంది, అంతే. ఇక్కడ రాష్ట్రంలో అడిగితే కేంద్రం వాటా రావాల్సి ఉంది అంటారు. రెండూ నిజాలే. రెండు నిజాల మధ్య ఒక ఇల్లు బేస్‌మెంట్ దగ్గర ఆగిపోతే దానికి ఎవరూ బాధ్యులు కారు. కోరుకున్నదీ అదే కదండీ.

పద్దుల చర్చ గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. గృహ నిర్మాణం పద్దు వచ్చే వేళకి సమయం అయిపోతుంది, మిగిలిన పద్దులన్నీ కట్టగట్టి గిలెటిన్ కింద పాస్ చేస్తారు. వచ్చిన నాలుగు నిమిషాలూ మీ నాయకుణ్ణి పొగడ్డానికి వాడుకోండి. అది ఎప్పటికైనా పనికొస్తుంది.

ఇప్పుడు కమిటీలు. ఇక్కడ కాస్త నిదానంగా చదవండి, ఎందుకంటే నిజంగా ఇబ్బంది కలిగించే సామాను ఇక్కడే ఉంది. మన గృహ నిర్మాణ సంస్థ 1979లో పుట్టింది, ప్రభుత్వ కంపెనీ. టిడ్కో కూడా అంతే. గృహ నిర్మాణ శాఖ ఖర్చు మీద పబ్లిక్ అకౌంట్స్ కమిటీ అడగొచ్చు, అంచనాల మీద ఎస్టిమేట్స్ కమిటీ అడగొచ్చు, ఈ సంస్థల నడక మీద ప్రభుత్వ రంగ సంస్థల కమిటీ అడగొచ్చు. మూడు కమిటీలూ మేనేజింగ్ డైరెక్టరుని ఎదురుగా కూచోబెట్టి ఫైలు తెరిపించొచ్చు, సామర్లకోట వచ్చి కాలనీలో నడిచి చూడొచ్చు. సభలో మంత్రిగారు పట్టిక చదివి కూచుంటారు. కమిటీలో అధికారి తప్పించుకోవడం కష్టం, రెండో ప్రశ్న వేసే తీరిక అక్కడుంటుంది.

అందుకే ఆ దిక్కుకి పోవద్దంటున్నాను. అదృష్టవశాత్తూ పెద్దలు దారి వేసే ఉంచారు. పార్లమెంటులో 1967 నుంచి పబ్లిక్ అకౌంట్స్ కమిటీ అధ్యక్షత ప్రతిపక్షానికిచ్చే ఆనవాయితీ ఉంది. మన సభలో 2019 నుంచి 2024 దాకా ప్రతిపక్షంలో ఉన్న పయ్యావుల కేశవ్‌గారు అధ్యక్షులుగా ఉన్నారు. 2024 నవంబరులో 11 మంది సభ్యులున్న ప్రతిపక్షం ఆ కమిటీ ఎన్నికనే బహిష్కరించింది. ప్రభుత్వ కూటమి లోంచే భీమవరం సభ్యులు పులపర్తి రామాంజనేయులుగారు దానికి అధ్యక్షులయ్యారు, మన మండపేట జోగేశ్వరరావుగారు ఎస్టిమేట్స్ కమిటీకి. గోదావరి జిల్లాల వాళ్లకి రెండు కుర్చీలొచ్చాయని మనకి సంతోషమే అనుకోండి. లెక్క చూసేవాళ్లూ లెక్క చెప్పేవాళ్లూ ఒకే బస్సులో వచ్చారన్నది వేరే విషయం. మీరు ప్రతిపక్షమైతే బహిష్కరించండి, పాలకపక్షమైతే "వాళ్లే రాలేదు" అనండి. ఏ వైపున్నా ఫైలు చదివే బాధ తప్పుతుంది.

ఈ కమిటీల సంగతి లండన్‌లో మరీ ఘోరంగా ఉంటుందట. 1861లో గ్లాడ్‌స్టన్ ఆర్థిక మంత్రిగా ఉండగా పుట్టిన పబ్లిక్ అకౌంట్స్ కమిటీ ఇవాళ అధికారులని బహిరంగంగా, కెమెరాల ముందు కూచోబెట్టి అడుగుతుంది. ఇళ్ల శాఖ మీద ప్రత్యేకంగా ఇంకో కమిటీ ఉంది. నివేదిక ఇస్తే రెండు నెలల్లో ప్రభుత్వం జవాబు చెప్పాలి. అంత చేసినా వాళ్లకి అంకెల చమత్కారం తప్పలేదు. 2011 నుంచి మార్కెట్ అద్దెలో 80 శాతం దాకా ఉన్నదాన్ని కూడా 'అందుబాటు అద్దె' అనే ఖాతాలో వేసి, పేదల ఇళ్లు కట్టామన్నారు. కాకపోతే అది కాకి లెక్క అని వాళ్ల కమిటీలు పదే పదే రాశాయి, రాసింది ఎవరైనా చదువుకోవచ్చు. మన కమిటీ సమావేశాలు తలుపులు మూసుకుని జరుగుతాయి. పత్రికలవాళ్లు బయట బిస్కెట్లు తిని వెళ్లిపోతారు. కాగ్ నివేదిక కూడా సమావేశాల చివరిరోజే బల్ల మీదికి రావడం మనకి అలవాటు. చర్చ అంటూ జరగదు. అచ్చు బాగుంటుంది, అట్ట గట్టిగా ఉంటుంది, ఇంటికి పట్టుకెళ్లండి.

సభకి వెళ్లాలా అని కొందరు అడుగుతున్నారు. దీనికి రెండు పక్షాల నుంచీ పెద్దల ఉదాహరణలున్నాయి. 2021 నవంబరు 19న ప్రతిపక్ష నేత చంద్రబాబునాయుడుగారు, ముఖ్యమంత్రిగానే మళ్లీ ఈ సభలో అడుగుపెడతానని చెప్పి వెళ్లారు. అలాగే వచ్చారు కూడా. 2024 తర్వాత మాజీ ముఖ్యమంత్రి జగన్‌మోహన్‌రెడ్డిగారు, 175 మందిలో 11 మందే ఉన్నా ప్రతిపక్ష హోదా ఇస్తేనే వస్తానన్నారు. 2025 ఫిబ్రవరిలో గవర్నరు ప్రసంగం రోజున వచ్చి, వాకౌట్ చేసి వెళ్లారు. ఎవరి అవమానం వారిది, ఎవరి పంతం వారిది, నేను తీర్పరిని కాను. ఈ రెండు గైర్హాజరుల మధ్య రాష్ట్రంలో లక్షల ఇళ్లు పునాదుల మీదా, శ్లాబుల కిందా నిలబడి ఉన్నాయి. ముఖ్యమంత్రికి ఎదురుగా లేచి "మీ పథకం నేనే మొదలెట్టాను, ఇక్కడ తప్పు జరుగుతోంది" అని అనగలిగిన ఒకే ఒక్క మనిషి సభలో లేడు, రెండుసార్లూ. మీరు కొత్తవారు. ఏదో ఒక దానికి అలిగి ఇంట్లో కూచోండి, పెద్దలకిచ్చిన గౌరవం అవుతుంది.

పోనీ వెళ్లారనుకోండి, విచారణ అడగండి. అదీ గత ప్రభుత్వం మీద. ఇది ఎన్నటికీ తప్పిపోని బాణం. ఉమ్మడి రాష్ట్రంలో వైఎస్ హయాంలో ఇందిరమ్మ ఇళ్లు కట్టారు. తెలంగాణలో 2014లో కొత్త ప్రభుత్వం రాగానే వాటి మీద సీఐడీ విచారణ వేశారు. ఇక్కడ ఎన్టీఆర్ గృహనిర్మాణం కింద కట్టుకున్నవాళ్ల బిల్లులు 2019 తర్వాత ఆగిపోయాయి. జగనన్న కాలనీల మీద ఇప్పుడు విచారణలు. ప్రతి ప్రభుత్వం వెనక్కి చూస్తుంది కాబట్టి ఏ ప్రభుత్వమూ తన ఇంటి గడప చూసుకోనక్కర్లేదు. ఈ విచారణలు నడిచే కాలంలో ఇల్లు సగం కట్టుకున్నవాడు ఏం చేస్తాడంటే, వడ్డీకి తెస్తాడు. లేదా నా దగ్గరకొస్తాడు.

టిడ్కో ఇళ్ల గురించి ఎక్కువ చెప్పను. 300 అడుగుల ఇల్లు ఒక్క రూపాయికి, 365, 430 అడుగులవాళ్లకి బ్యాంకు అప్పు. కొందరికి ఇంటి తాళంచెవి కంటే బ్యాంకు నోటీసే ముందొచ్చింది. దీని మీద సభా నిబంధన 344 కింద స్వల్పకాలిక చర్చ అడిగితే ఇస్తారేమో. ఇస్తే మీ ఖర్మ.

ఆఖరిది, అసలు ప్రమాదం ఇక్కడుంది. మీరు ఎంత జాగ్రత్తగా ఉన్నా, ఏదో ఒక రోజు ఒక మనిషి నేరుగా మీ దగ్గరకే వచ్చి ఒక ప్రశ్న చేతిలో పెట్టి వెళ్తుంది. నా బల్ల దగ్గరకి వచ్చిందండీ అలాంటి మనిషి. సగ్గుబియ్యం మిల్లులో కూలికి వెళ్తుంది. పట్టా ఆవిడ పేరనే ఉంది. సెల్‌ఫోన్లో ఇంటి ఫొటో చూపించింది. జియోట్యాగింగ్‌కి వచ్చిన సచివాలయం కుర్రాడు తీసినది. "మామ్మగారూ కాస్త పక్కకి జరగండి, గోడ కనబడాలి" అన్నాడట, అందుకని ఫొటోలో ఆవిడ భుజమే ఉంది, గోడ మొత్తం ఉంది. గుమ్మానికి ద్వారబంధం బిగించారు, తలుపు లేదు. సిమెంటు సంచులు విప్పి కుట్టిన పరదా వేలాడుతోంది. లోపల మట్టి నేల, మూలన నీళ్ల డ్రమ్ము, ఆ నీళ్లు ట్యాంకరు వచ్చిన రోజువి. కరెంటు స్తంభం రెండు వీధుల అవతల ఆగిపోయింది. ఆ ఇల్లు రిజిస్టర్లో 'పూర్తి'.

ఆవిడ అడిగింది ఇదీ: "బాబూ, కాయితంలో నా గృహప్రవేశం అయిపోయిందంటన్నారు. నేనింకా కొట్టాయిలోనే అద్దెకుంటన్నాను. రేషను కార్డు ఏ అడ్రసుకి మార్చుకోను?"

ఎమ్మెల్యేగారూ, ఈ ప్రశ్న ఉన్నదున్నట్టు సభలో చదివారా, అయిపోయారు. దీనికి పట్టికలో జవాబు లేదు. గత ప్రభుత్వం అనడానికి లేదు, కేంద్రం వాటా అనడానికి లేదు, కోర్టులో ఉందనడానికి లేదు. జవాబు చెప్పాలంటే ఎవరో ఒకరు ఆ కాలనీకి వెళ్లి ఆ పరదా తొలగించి లోపలికి చూడాలి. అందుకని దాన్ని సభా భాషలోకి మార్చి తీసుకెళ్లాలి. నేను మార్చి చూపిస్తాను, పనితనం గమనించండి.

"గౌరవ గృహ నిర్మాణ శాఖ మంత్రివర్యులు దయతో తెలియజేయుదురా: (ఎ) రాష్ట్రంలో పూర్తయిన గృహాలలో కొందరు లబ్ధిదారులు నివాసం ఉండటం లేదన్నది వాస్తవమేనా, (బి) అయినచో, అందుకు కారణాలేమిటి, (సి) వారు నివాసం ఉండుటకు ప్రభుత్వం తీసుకొనుచున్న చర్యలేమిటి?"

జవాబు: "(ఎ) కాదండి. (బి), (సి) ప్రశ్న ఉత్పన్నం కాదు."

చూశారా, ఎంత శుభ్రంగా ఉందో. ఆవిడ పోయింది, డ్రమ్ము పోయింది, పరదా పోయింది. మొదటి దానికి కాదనేస్తే మిగతా రెండూ వాటంతటవే రాలిపోయేలా రాశాను. ఈ కిటుకు తెలియక కొత్త సభ్యులు మూడు విడివిడి ప్రశ్నలుగా వేసి చిక్కుల్లో పడుతుంటారు.

ఇంత ఓపిగ్గా ఎందుకు చెబుతున్నానని మీకు అనుమానం రావచ్చు. దాచుకోవడమెందుకు, ఆ ఇళ్లకి తలుపులు పడి, నీళ్లొచ్చి, మీటర్లు తిరగడం మొదలైతే సోమవారం నా బల్ల దగ్గర ఈగలు తోలుకోవాలి. మీ వైపు ప్రశ్నలేమైనా ఉంటే పంపండి. అర్జీకి యాభై తీసుకుంటున్నాను, సభా ప్రశ్నకైతే (ఎ), (బి), (సి) మూడు ముక్కలుంటాయి కాబట్టి నూటయాభై. జవాబు కూడా నేనే రాసిపెట్టమంటే దానికి వేరేగా ఏమీ తీసుకోను, ఎలాగూ ఒకటే జవాబు.